సాక్చి ఒకప్పుడు పల్లెటూరు

బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే మన ఇళ్ళలో మూడు ప్రశ్నలు మొదలవుతాయి. రైలు ఎన్నింటికి? క్వార్టరు దొరుకుతుందా? బడిలో సీటు ఉందా? ఈ మూడూ తేలాక సామాన్లు కట్టి లారీకి ఎక్కిస్తాం, కొత్త ఊళ్ళో దిగుతాం. మూడు నెలలకు పాలు ఎవరి దగ్గర చిక్కగా ఉంటాయో తెలుస్తుంది. ఏడాదికి ఇరుగుపొరుగు దగ్గరవుతారు. ఆ మరుసటి ఏడో, ఆ పై ఏడో మళ్ళీ ఉత్తర్వు వస్తుంది. ఈలోగా ఊరి చివరనున్న కొండ పేరేమిటో, మనకంటే ముందు ఆ నేల మీద ఎవరున్నారో తెలుసుకునే తీరిక చాలామందికి దొరకదు.

మేము జంషెడ్‌పూర్ వచ్చి సాక్చిలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. మేమంటే మేమిద్దరం, నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి. నెలకో ఆదివారం ఊరికి సంబంధించినది ఏదో ఒకటి చూడాలి. డబ్బు పెద్దగా ఖర్చు కాకూడదు, సాయంత్రానికి ఇంటికి వచ్చేయాలి. మాకిది ఎన్నో ఊరో లెక్కపెట్టుకోవాలి గానీ, ఈ నియమం పెట్టుకున్న మొదటి ఊరు మాత్రం ఇదే. అలా తిరగగా చూసినవి, విన్నవి మీకు చెబుదామని ఈ వ్యాసం. మీలో చాలామంది ఏదో ఒకరోజు ఈ ఊరు వదిలి వెళ్ళేవాళ్ళే. వెళ్ళేలోగా ఊరిని ఒకసారి కళ్ళారా చూడండి.

సాక్చి అంటే మీకందరికీ గుర్తొచ్చేది గోల్ చక్కర్, దాని చుట్టూ ఆటోలు, సందుసందునా బట్టల దుకాణాలు, సాయంత్రం అడుగు తీసి అడుగు వేయలేని బజారు. 120 ఏళ్ళ కిందట ఇవేవీ లేవు. సాక్చి ఒక చిన్న పల్లె. చుట్టూ అడవి, దూరంగా నీలంగా దల్మా కొండలు, అటొక నది, ఇటొక నది. సంతాలులు, హోలు, భూమిజులు మొదలైన ఆదివాసులు ఉండే ప్రాంతమిది.

ఇక్కడికి ఉక్కు ఎలా వచ్చింది? 1904లో పి.ఎన్. బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త జంషెడ్‌జీ టాటాకు ఒక ఉత్తరం రాశారు. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మంచి ఇనుప ఖనిజం ఉందని అందులోని సమాచారం. ఖనిజం ఒక్కటే చాలదు కదా. బొగ్గు దగ్గరుండాలి, నీళ్ళుండాలి, రైలు ఉండాలి. అన్నీ కలిసొచ్చే చోటు కోసం మనుషులు అడవులు పట్టి తిరిగారు. వెల్డ్ అనే అమెరికన్, శ్రీనివాసరావు అనే మన దేశపు నిపుణుడు 1907లో ఈ ప్రాంతానికి చేరారు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటుకు దగ్గర్లో సాక్చి, అక్కడికి కొద్ది దూరంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి కాళీమాటి స్టేషను కనబడ్డాయి. వెతుకులాట అక్కడితో ఆగింది. శ్రీనివాసరావు పేరు చెప్పగానే మా అమ్మాయి "తెలుగాయనేనా?" అని కళ్ళు పెద్దవి చేసింది. ఆ పేరు తెలుగునాట ఉంది, కన్నడనాట ఉంది, మహారాష్ట్రలోనూ ఉంది. పేరు చూసి ఊరు చెప్పలేం. మన తరగతిలో హాజరు పిలిచేటప్పుడు మీకు రోజూ తెలిసే సంగతే ఇది.

1908లో ఇక్కడ నిర్మాణం మొదలైంది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మె తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ఉక్కు పట్టాలు దూరదేశాలకు వెళ్ళాయి. అందుకు గుర్తుగా 1919 జనవరిలో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. ఇందులో నన్ను, మిమ్మల్ని కాసేపు ఆపవలసిన విషయం ఒకటుంది. ఎవరి పేరు పెట్టారో ఆ జంషెడ్‌జీ ఈ ఊరిని చూడనే లేదు. ఆయన 1904లోనే కన్నుమూశారు. 1902లో కొడుకు దొరాబ్జీకి రాసిన ఉత్తరంలో మాత్రం రాబోయే ఊరిని ఊహించి చెప్పారు. వీధులు వెడల్పుగా ఉండాలని, త్వరగా పెరిగి నీడనిచ్చే చెట్లు నాటాలని, పిల్లలకు ఆటస్థలాలు విడిచిపెట్టాలని, గుడికీ మసీదుకూ చర్చికీ చోటుండాలని. మీరు ఆడుకునే మైదానం, నడిచే రోడ్డు పక్కన చెట్ల నీడ ఆ ఉత్తరంలోనివే. 1958 మార్చి 1న నెహ్రూ గారు ప్రారంభించిన జూబిలీ పార్కు కూడా ఆ ఆలోచనకు కొనసాగింపే. మైసూరు బృందావనం తోటలు చూసినవాళ్ళు ఈ పార్కులోని నీటి చిమ్మెరలు చూస్తే పోలిక పట్టేస్తారు.

సరే, మరి సాక్చి పల్లె ఏమైంది? మేము మొదటి ఆదివారం దాన్నే వెతికాం. ఇళ్ళు దొరకలేదు, పొలాలు దొరకలేదు. దొరికినవి పేర్లు. టాటానగర్ స్టేషను పేరు మారి వందేళ్ళు దాటినా, సాక్చిలో కాళీమాటి రోడ్డు ఇంకా కాళీమాటి రోడ్డే. పక్కనే కాశీడీహ్. 'డీహ్' అంటే జనం నివసించే చోటు, మన 'పల్లి', 'పాడు' లాంటిది. ఇంకొంచెం ముందుకు వెళ్తే సీతారాండేరా. డేరా వేసుకుని ఉన్న చోటు. ఆ పక్కన భాలూబాసా. భాలూ అంటే ఎలుగుబంటి, బాసా అంటే ఉండే చోటు. ఇప్పుడు అక్కడ ఆటో హారన్లు తప్ప ఎలుగుబంటి అరుపు వినిపించదు. కానీ ఆ పేరు పెట్టినవాళ్ళకు అడవి ఎంత దగ్గరగా ఉండేదో ఆ నాలుగక్షరాలే చెబుతున్నాయి. ఊరు పేరు చదవడం కూడా ఒక చదువే.

మన తెలుగు ఊళ్ళ పేర్లలోనూ ఇలాంటిది ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నో ఊళ్ళ పేర్ల చివర 'వలస' అని వస్తుంది. రైల్లో వెళ్ళేవాళ్ళకు ఆమదాలవలస తెలిసే ఉంటుంది. వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు కాబట్టి వలస. ఎప్పుడో ఎక్కడినుంచో మూటాముల్లె పట్టుకుని వచ్చిన కొన్ని కుటుంబాలు అక్కడ దిగి ఉంటాయి. వాళ్ళ మునిమనవలకు అదే సొంత ఊరు. "మా ఊరు ఆమదాలవలస" అని గర్వంగా చెప్పుకుంటారు.

ఆ జిల్లాల నుంచే ఈ ఉక్కు ఊరికీ తెలుగువాళ్ళు తరలివచ్చారు. వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ మీదుగా రైలు దారి ఉండటం, ఇక్కడ కొలిమికి బలమైన చేతులు కావలసి రావడం కలిసొచ్చాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి ఒకసారి వెళ్ళిరండి. శ్రీరామనవమి కల్యాణం నాడు అక్కడ పానకం, వడపప్పు పంచేటప్పుడు వినిపించే తెలుగు వినండి. శ్రీకాకుళం యాస, మధ్యమధ్య హిందీ మాట, చివర బెంగాలీ సాగదీత. అక్కడ ఒక మామ్మగారు మాతో మాట కలిపారు. ఆవిడ తాతగారు పనికోసం వచ్చారట. ఆవిడ ఇక్కడే పుట్టారు, పిల్లలూ ఇక్కడే పుట్టారు. "మీ సొంతూరు ఏదండీ మామ్మగారూ?" అని అడిగాం. "పెళ్ళిళ్ళకైతే పలాస పక్క. పొద్దున్న లేస్తే కద్మా" అని నవ్వారు. ఆవిడ మనవడికి తెలుగు చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. మా తెలుగు తరగతి సంగతి చెప్పగానే "అయితే ఆదివారం పంపిస్తాను, అక్షరాలు దిద్దించండి" అన్నారు. వాడిప్పుడు గుణింతాల దాకా వచ్చాడు.

తరలివచ్చినవాళ్ళు మనవాళ్ళు మాత్రమే కాదు. గోల్మురిలో తగరపు పూత పూసే రేకుల కర్మాగారం ఉంది. ఆ సంస్థ 1920లో ఏర్పడింది. కిరసనాయిలు డబ్బాలకు, రేకు డబ్బాలకు కావలసిన రేకు అది. ఆ రోజుల్లో ఆ పనిలో ఆరితేరినవాళ్ళు బ్రిటన్ పడమటి అంచున ఉన్న వేల్స్ ప్రాంతపువాళ్ళు. అందుకని అక్కడి పనివాళ్ళను కొందరిని ఓడలెక్కించి ఇక్కడికి తీసుకొచ్చారు. పచ్చటి కొండలు, గొర్రెల మందలు, రోజూ చినుకులు పడే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మే నెలలో గోల్మురి ఎండకు ఎలా తట్టుకున్నారో ఊహించండి. వేల్స్‌కు తనదైన భాష ఉంది. ఇప్పుడు అక్కడ నూటికి ఇరవైమంది కూడా అది మాట్లాడరు, అయినా దారి పక్క బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు వెల్ష్ భాషలోనూ ఊరి పేరు రాస్తారు. ఎన్నో ఏళ్ళ తర్వాత కథ మరో మలుపు తిరిగింది. 2007లో టాటా సంస్థ ఐరోపాలో పెద్ద ఉక్కు సంస్థను కొన్నప్పుడు వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్ కర్మాగారం కూడా వచ్చింది. 2024లో అక్కడి కొలిమి ఆరిపోయింది. అక్కడి పిల్లలు కూడా ఇప్పుడు "నాన్న పని ఎక్కడ? మనం ఏ ఊరు వెళ్తాం?" అని అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్న మీకు మాత్రమే తెలిసినది అనుకోకండి.

ఇక ఊరు దాటి బయటికి వెళ్దాం. ముందు దోముహానీ. సోనారి వైపు వెళ్తే ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటది. 'దో' అంటే రెండు, 'ముహానా' అంటే నది ముఖం. ఖర్కాయి ఒడిశాలోని మయూర్‌భంజ్ వైపు నుంచి వస్తుంది. సువర్ణరేఖ రాంచీ దగ్గర పుట్టి, ఇక్కడ ఖర్కాయిని కలుపుకుని, బెంగాల్ అంచు తాకి, ఒడిశా తీరంలో సముద్రంలో కలుస్తుంది. దాని పేరు ఊరికే రాలేదు. దాని ఇసుకలో బంగారు రజను ఉంటుంది. నది పొడవునా కొన్ని చోట్ల ఆదివాసీ కుటుంబాలు కొయ్య పళ్ళెంలో ఇసుక పోసి, నీళ్ళలో తిప్పి తిప్పి, మెరిసే నలుసులు ఏరుతాయి. రోజంతా నడుము వంచితే దొరికేది గింజంత. "బంగారం దొరుకుతుందిగా, మరి వాళ్ళు బీదవాళ్ళెందుకు?" అని మా అమ్మాయి అడిగింది. మీ సాంఘిక శాస్త్రం టీచరుగారిని మీరూ ఈ ప్రశ్న అడగండి. మంచి పాఠం జరుగుతుంది.

సంక్రాంతి నాడు దోముహానీ చూడాలి. మనం ధనుర్మాసం అనే నెలను ఇక్కడివాళ్ళు పౌషం అంటారు. ఆ నెలంతా ఊళ్ళలో ఆడపిల్లలు సాయంత్రం పూట గుమిగూడి టుసూ అనే దేవతకు పూలు పెట్టి పాటలు పాడతారు. నెలాఖరున, అంటే మకర సంక్రాంతికి, రంగు కాగితాలతో అల్లిన చౌడల్ అనే పల్లకీని ఊరేగించి నదిలో నిమజ్జనం చేస్తారు. ఇది వింటుంటే మీకు గొబ్బెమ్మల చుట్టూ తిరిగే మన ఆడపిల్లలు గుర్తు రావడం లేదూ? నెల అదే, పూలు అవే, పాడేది ఆడపిల్లలే. మేము వెళ్ళిన సంక్రాంతికి ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. ఒకామె మా అమ్మాయి చేతిలో ఒక పిండివంట పెట్టింది. బియ్యప్పిండి, బెల్లం పాకం, నూనెలో వేగిన ఎర్రటి బిళ్ళ. మా అమ్మాయి కొరికి "అమ్మా, అరిసె!" అంది. ఆమె నవ్వి "హాఁ, అర్సా" అంది. ఎవరూ అనువాదం చెయ్యలేదు. మా బదిలీల్లో ఇంత సులువుగా ఏ భాషా అర్థం కాలేదు.

తర్వాతి ఆదివారాల్లో ఒకటి డిమ్నా చెరువుకు. సాక్చి నుంచి మాంగో వంతెన దాటి డిమ్నా రోడ్డు పట్టుకుంటే 13 కిలోమీటర్ల లోపే. దల్మా కొండల పాదాల దగ్గర అడ్డుకట్ట కట్టి నిలిపిన నీళ్ళు అవి. ఊరికి తాగునీరు కూడా ఇక్కడినుంచి వస్తుంది. కొత్త సంవత్సరం రోజుల్లో వనభోజనాలకు వచ్చేవాళ్ళతో గట్టంతా నిండిపోతుంది. మీరు వెళ్తే మామూలు ఆదివారం ఉదయం వెళ్ళండి. నీళ్ళలో కొండ తలకిందులుగా కనిపిస్తుంది. తిన్న కాగితం పళ్ళేలు మాత్రం అక్కడ పారేయకండి. మీ ఇంటి కొళాయిలో వచ్చే నీళ్ళవి.

చెరువు దాటి కొంచెం లోపలికి నడిస్తే సంతాల పల్లెలు. అక్కడి ఇళ్ళు చూశాక మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. మట్టి గోడలు, కానీ అద్దంలా నునుపు. అడుగున నల్లటి పట్టీ, దాని మీద ఎర్రమన్ను పూత, పైన తెల్లటి మట్టి, వాటి మీద పూలు, నెమళ్ళు, గీతలు. పశువులను పూజించే సొహ్రాయ్ పండుగ ముందు ఆడవాళ్ళు చేతులతో అలికి, వేళ్ళతో రంగులు దిద్దుతారు. వానలు పడి చెరిగితే మళ్ళీ ఏడు మళ్ళీ దిద్దుతారు. మన పల్లెల్లో సంక్రాంతికి గోడలకు సున్నం, అరుగులకు ఎర్రమన్ను పూసి ముగ్గులు పెట్టినట్టే. వాకిట్లో ఆకు కూడా లేదు, అంత శుభ్రం.

ఒక ఇంటి అరుగు మీద ముసలావిడ సాల ఆకులను పుల్లతో కుట్టి విస్తళ్ళు చేస్తోంది. మమ్మల్ని చూసి చేతులు జోడించి "జోహార్" అంది. తెలుగులో మనం జోహార్లు అనే మాటను పెద్దవాళ్ళు, వీరులు పోయినప్పుడు నివాళిగా వాడతాం. ఇక్కడ అది ప్రతిరోజూ ఎదురుపడ్డ ప్రతి మనిషికీ చెప్పే నమస్కారం. మా అమ్మాయీ "జోహార్ దాదీ" అంది. ఆవిడ పీట జరిపి కూర్చోమంది. హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడింది. "మీ ఊరెక్కడ?" అని అడిగింది.

మా ఇంట్లో అది కష్టమైన ప్రశ్న. మా అమ్మాయి పుట్టింది ఒక ఊళ్ళో, అక్షరాభ్యాసం ఒక ఊళ్ళో, ఒకటో తరగతి మరో రాష్ట్రంలో. బడిలో ఇచ్చిన కాగితంలో స్వస్థలం అన్న చోట ఏం రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేసిన పిల్ల. మేము జవాబు వెతుక్కునేలోగా తనే "సాక్చి" అనేసింది. ముసలావిడ తలూపింది. "సాక్చి నాకు తెలుసు. చిన్నప్పుడు మా అమ్మ నెత్తిన కట్టెల మోపు పెట్టుకుని నడిచి వెళ్ళేది. అక్కడ మా వాళ్ళ పొలం ఉండేదట. ఇప్పుడు రోడ్డు కింద ఉంది" అంది. కోపంగా అనలేదు. వాన ఎప్పుడు పడుతుందో చెప్పినట్టు చెప్పి, మళ్ళీ ఆకు కుట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు మాకు ఆ మాటే మనసులో తిరిగింది. మనం కదిలి ఊళ్ళు మారుస్తాం. ఆవిడ వాళ్ళు ఎక్కడికీ కదల్లేదు. వాళ్ళు ఉన్నచోటే ఉండగా ఊరే మారిపోయింది. బదిలీ అయితే మనకు ఉత్తర్వు వస్తుంది, ప్రయాణపు ఖర్చు వస్తుంది, వెళ్ళిన చోట బడిలో సీటు వస్తుంది. వాళ్ళకు అవేవీ రాలేదు. స్నేహితులను వదిలి వచ్చినందుకు మీకు బాధగా ఉంటుంది. ఆ బాధ నిజమైనదే. దానితో పాటు ఇదీ గుర్తుంచుకుంటే మనం దిగిన ప్రతి ఊళ్ళోనూ కొంచెం మెల్లగా అడుగు వేస్తాం.

ఆవిడ మనవరాలు పలక తెచ్చి చూపించింది. దాని మీద అక్షరాలు మాకు తెలిసినవి కావు. అది ఓల్ చికి, సంతాలీ భాష లిపి. 1925లో పండిత రఘునాథ్ ముర్ము దీన్ని రూపొందించారు. ఆయనది ఇక్కడికి దగ్గరి మయూర్‌భంజ్ ప్రాంతం, వృత్తి బడిపంతులు. సంతాలీని ఒడియాలో, బెంగాలీలో, దేవనాగరిలో, రోమన్‌లో రాస్తున్న రోజుల్లో మా భాష పలుకులకు సరిపోయే అక్షరాలు మాకుండాలని ఆయన పూనుకున్నారు. మొత్తం ముప్పై అక్షరాలు. 2003లో రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. అంటే ఆ పలక మీది భాషా, మన తెలుగూ ఒకే జాబితాలో ఉన్నాయి. తెలుగుకు యాభయ్యారు అక్షరాలా అని విసుక్కునే వాళ్ళకు ఒక మాట: అక్షరాలు లేక ఒక పంతులుగారు కూర్చుని తయారుచేసుకోవలసి వచ్చింది, మనకు వెయ్యేళ్ళకు పైబడి తయారుగా ఉన్నాయి. ఆ పాప మా అమ్మాయి పేరు ఓల్ చికిలో రాసిచ్చింది. మా అమ్మాయి తన వంతుగా ఆ పాప పేరు తెలుగులో రాసిచ్చింది.

చివరగా దల్మా. మాకులాకోచా దగ్గర అటవీశాఖ గేటు ఉంది, అక్కడ అనుమతి తీసుకుని పైకి వెళ్ళాలి. 190 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అభయారణ్యం. దారి పొడవునా చెట్లు చూస్తూ వెళ్తుంటే మాకు పార్వతీపురం, పాడేరు వైపు అడవుల్లో ఉన్నట్టే అనిపించింది. మహువా అంటే మన ఇప్ప. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పూలు రాలి నేలంతా తీపి వాసన. పలాశ్ అంటే మన మోదుగ, ఫాల్గుణంలో ఆకు రాల్చి నిప్పులా పూస్తుంది. కేందూ అంటే మన తునికి, దాని ఆకుతోనే బీడీలు చుడతారు. సాల చెట్టును ఆదివాసులు దేవతగా చూస్తారు. వసంతంలో అది పూసినప్పుడు సర్హుల్ పండుగ చేసుకుంటారు. చెట్ల పేర్లు రెండు భాషల్లో తెలిస్తే అడవి మనకు రెట్టింపు పరిచయమవుతుంది.

దల్మాలో అసలు గృహస్థులు ఏనుగులు. వేసవిలో ఇక్కడి నీటిగుంటల దగ్గర చేరతాయి. వానలు వెళ్ళి వరి వెన్ను తీసే కాలానికి గుంపులు గుంపులుగా కదిలి పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్, బాంకురా వైపు వెళ్తాయి. కోతలయ్యాక తిరిగొస్తాయి. అంటే వాటికీ ఏటా బదిలీలే! కాకపోతే దారిలో ఇప్పుడు రైలు పట్టాలు, రోడ్లు, పొలాలు అడ్డం. ఏనుగులు దిగిన రాత్రి రైతు కంటి మీద కునుకు ఉండదు, ఒక్క రాత్రిలో ఏడాది పంట పోతుంది. ఏనుగుది తప్పా, రైతుది తప్పా అంటే చెప్పడం కష్టం. వాటి తాతముత్తాతలు నడిచిన దారి అది, ఇతని తిండిగింజలు పండే నేలా అదే. మాకు ఆరోజు ఏనుగు కనబడలేదు. దాని అడుగుజాడ కనబడింది, మా అమ్మాయి రెండు కాళ్ళూ అందులో పట్టాయి.

కొండపైన శివుడి గుహాలయం ఉంది. పైనుంచి చూస్తే ఊరంతా అరచేతిలో పెట్టినట్టు ఉంటుంది. కర్మాగారం గొట్టాలు, వాటి పక్కన చెట్ల పచ్చదనం, రెండు నదులు కలిసే మెరుపు. సాక్చి ఎక్కడుందో వేలితో చూపించుకున్నాం. పైనుంచి చూస్తే అది మళ్ళీ పల్లెలా చిన్నగానే కనిపించింది.

ఇంకా చూడవలసినవి ఉన్నాయి. ఘాట్‌శిలాలో 'పథేర్ పాంచాలీ' రాసిన బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నివసించిన ఇల్లుంది. ఆయన కూడా కొంతకాలం బడిపంతులే. 1950లో అక్కడే కన్నుమూశారు. దగ్గర్లో బురుడీ చెరువు, ధారాగిరి జలపాతం. అవి మా వచ్చే ఆదివారాలకు మిగిల్చుకున్నాం. ఈలోగా ఉత్తర్వు వస్తే, మీరు చూసి మాకు ఉత్తరం రాయండి.

పిల్లలూ, తెలుగు మాస్టార్లూ టీచర్లూ ఎక్కడికెళ్ళినా ఇంటిపని ఇవ్వకుండా ఉండలేరు. ఈ వేసవికి మీ పని చిన్నది. ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీరిప్పుడున్న ఊరి పాత పేరేమిటో కనుక్కుని రాయండి. ఆ ఊరి నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో రాయండి. అక్కడివాళ్ళు ఎదురైతే ఏమని పలకరించుకుంటారో నేర్చుకుని రాయండి. పండక్కి చేసే వంట ఒకటి, చెట్టు పేరు ఒకటి, వాటికి తెలుగులో ఏమంటారో పక్కన రాయండి. ఊరు మారినప్పుడు కొత్త పేజీ తిప్పండి. పదో తరగతి అయ్యేసరికి ఆ పుస్తకంలో నాలుగైదు ఊళ్ళు చేరతాయి. ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే ఇక తడుముకోనక్కర్లేదు. ఆ పుస్తకంలో మీకు బాగా తెలిసిన ఏ ఊరి పేరైనా ధైర్యంగా చెప్పవచ్చు. తెలిసిన ఊరే మన ఊరు.

అందరికీ జోహార్.